అతిశయార్థక ప్రయోగము – ఔచిత్యము

మన పరిశోధన వ్యాసాలలో ప్రశంస పెరిగినకొద్దీ నిర్ణయం సన్నగిల్లుతున్నది. ‘అత్యంత మహోన్నతమైన కావ్యం’, ‘మొట్టమొదటి ప్రప్రథమ శతకం’, ‘మిక్కిలి సర్వోత్కృష్టమైన శైలి’ వంటి ప్రయోగాలు పరీక్షకులకు నిత్యానుభవమే. వీటిని శైలీదోషాలని ఉపేక్షించరాదు. ఇది వ్యాకరణ విషయమని నా అభిప్రాయం.

పాణిని అయిదవ అధ్యాయం మూడవ పాదంలో అతిశయార్థమున తమప్, ఇష్ఠన్ ప్రత్యయాలను, ఇద్దరిలో ఒకరిని వేరుపరచునపుడు తరప్, ఈయసున్ ప్రత్యయాలను విధించాడు. శ్రేష్ఠ శబ్దంలో ఇష్ఠన్ ఉన్నది. మరి వేదంలో ‘శ్రేష్ఠతమ’ కనిపించుట లేదా అని ఆక్షేపింపవచ్చును. దానికి కాశికాకారులే సమాధానం చెప్పారు: ప్రకర్ష కలవారిలో మరల ప్రకర్షను చెప్పదలచినపుడు రెండవ ప్రత్యయం సాధువే. అనగా రెండవ అతిశయానికి రెండవ తులన ఉండాలి. మన వ్యాసాలలో లోపించినది ఆ తులనయే.

తెలుగునకు తనదైన మార్గమున్నది. చిన్నయసూరి బాలవ్యాకరణంలోని ఆమ్రేడిత సంధి వలన మొట్టమొదట, తుట్టతుద, నట్టనడుమ, పట్టపగలు సిద్ధిస్తున్నవి. ద్విరుక్తి చేతనే అతిశయం సిద్ధించినపుడు ‘ప్రప్రథమ’ మను మరొక ద్విరుక్తి నిరర్థకం.

‘చాలా’ అనునది ‘చాలు’ ధాతుజన్యం. మొదట సరిపడుటను చెప్పి, పిదప ఆధిక్యాన్ని చెప్పినది. ‘చాలా చదివాడు’ అంటే పరిమాణం, ‘బాగా చదివాడు’ అంటే తీరు. వరంగల్ ప్రాంతపు ‘మస్తు’ పారసీక భాష నుండి ఉర్దూ ద్వారా వచ్చి రెంటికీ చెల్లుతున్నది. స్పానిష్ భాషలో విశేషణానికి ముందు ‘మూయ్’, క్రియతో ‘మూచో’ వాడుతారు. ‘ఈసిమో’ ప్రత్యయాంతమైన విశేషణానికి ‘మూయ్’ చేర్చుట ప్రామాణిక భాషలో దోషం. అక్కడ ఈ నియమాలను ప్రారంభ పాఠాలలోనే బోధిస్తారు. మన తరగతులలో ఆమ్రేడితం సంధి పరీక్షతోనే ముగుస్తున్నది.

కావున ప్రాచ్య కళాశాలల అధ్యాపకులు విద్యార్థి వ్రాసిన ప్రతి అతిశయ పదం చెంత ‘దేనికంటె?’ అని ప్రశ్నించుట మంచిది. సమాధానమున్నచో పదం నిలుచును, లేనిచో తొలగును. అన్ని కావ్యాలూ అత్యుత్తమములే అయినచో పోతన భాగవతానికి మనం వేరుగా చెప్పగల మాట ఏమి మిగులుతుంది?