స్వర్గం పది.. నరకం పది!

మీకు బాగా ఇష్టమైన బ్యాండ్ ‘ఇదే మా ఆఖరి ఆల్బమ్’ అని ముందే చెప్పి మరీ పాటలు రిలీజ్ చేసిందనుకోండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మీరేం వింటారు? పాటనా, వీడ్కోలునా?

‘సమ్ 41’ అభిమానులకు ఈ ప్రశ్న ఎదురైంది 2024 మార్చి 29న. ఆ రోజు వచ్చిన ‘హెవెన్ ఎక్స్ హెల్’ వాళ్ల చివరి ఆల్బమ్. మొత్తం ఇరవై పాటలు. మొదటి పది స్వర్గం, తర్వాతి పది నరకం. గంటలోపే అయిపోతాయి గానీ, వాటి మీద అభిమానుల గొడవ మాత్రం ఇంకా అవలేదు.

బ్యాండ్ కొత్తవాళ్లకు ఓ రెండు ముక్కలు. కెనడాలో టొరంటో పక్కన అజాక్స్ అనే ఊరుంది. 1996లో అక్కడి హైస్కూల్ కుర్రాళ్లు పెట్టుకున్న బ్యాండ్ ఇది. వేసవి సెలవుల్లో 41వ రోజు మొదలైంది కాబట్టి ‘సమ్ 41’. అంతే, ఇంకే రహస్యం లేదు. 2001లో ‘ఆల్ కిల్లర్ నో ఫిల్లర్’ వచ్చింది, దాంట్లో ‘ఫ్యాట్ లిప్’ పాట అమెరికా ఆల్టర్నేటివ్ రేడియో చార్ట్‌లో నంబర్ వన్ అయింది. స్పీడ్ గిటార్, నోట్లో నానే ట్యూన్, ‘పెద్దోళ్లు చెప్పిందల్లా మేమెందుకు వినాలి’ అనే పొగరు.. పాప్ పంక్ అంటే ఇదే. అప్పటి టీనేజర్లకు అది జాతీయ గీతం రేంజ్. ఇప్పుడు వాళ్లకి నలభై దగ్గరపడుతోంది, నడుం నొప్పులొస్తున్నాయి.

2023 మేలో బ్యాండ్ ఆపేస్తున్నట్టు ప్రకటించారు. అంటే పది నెలల ముందే అభిమానులకు ‘ఇక మిగిలింది ఇదొక్కటే’ అని తెలుసు. ఆశలు ఎక్కడికెళ్లి కూర్చుంటాయో చెప్పాలా?

వచ్చాక వర్గాలు తేలాయి. స్వర్గం సగం విని ఊగిపోయినవాళ్లు ఒక వైపు. ‘ల్యాండ్‌మైన్స్’, ‘వెయిటింగ్ ఆన్ ఎ ట్విస్ట్ ఆఫ్ ఫేట్’ వింటుంటే మళ్లీ పదహారేళ్లు వచ్చినట్టుందని వీళ్లంటారు. ఇంకో వర్గానికి అదే అభ్యంతరం. నలభై నాలుగేళ్ల మనిషి ఇంకా కాలేజీ కుర్రాడిలా పాడటం ఏంటి, పాత సరుకునే కొత్త కవర్లో పెట్టారు కదా అని. వీళ్ల ఓటు నరకానికే. అక్కడ గిటార్లు బరువుగా మోగుతాయి, గొంతు గర్జిస్తుంది, మెటల్ వాసన కొడుతుంది. మూడో వర్గం వాళ్లు ఇరవైలో ఎనిమిది తీసేసి పన్నెండు ఉంచితే అదిరిపోయేదంటారు. అయితే ఏ ఎనిమిది అని అడగండి, ఏ ఇద్దరి లిస్టూ కలవదు. రోలింగ్ స్టోన్స్ వాళ్ల ‘పెయింట్ ఇట్ బ్లాక్’ని నరకం వైపు మళ్లీ పాడారు. వీడ్కోలు ఆల్బమ్‌లో వేరేవాళ్ల పాట ఎందుకని విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. నాకైతే ఆ విసుగు న్యాయమే అనిపించింది.

అసలు ఈ రెండు సగాల ఐడియా ఎలా పుట్టిందో తెలిస్తే గొడవ ఇంకాస్త అర్థమవుతుంది. కరోనా టైమ్‌లో పాప్ పంక్ మళ్లీ ఫ్యాషన్ అయింది. కొత్త సింగర్లకి ఆ టైపు పాటలు కావాలని సమ్ 41 నాయకుడు డెరిక్ విబ్లీకి అడుగులొచ్చాయి. వేరేవాళ్ల కోసమని రాయడం మొదలుపెట్టాడు. రాశాక వాటి మీద మనసు పడి, ఎవరికీ ఇవ్వకుండా తనే ఉంచేసుకున్నాడు. అటు మెటల్ తరహా పాటలూ పోగయ్యాయి. రెండు కుప్పలూ చూసుకుని, ‘సరే, రెండూ వేసేద్దాం’ అనుకున్నాడు. ఇంటర్వ్యూల్లో తనే చెప్పిన కథ ఇది. అంటే స్వర్గం సగం పాత అభిమానుల్ని బుజ్జగించడానికి లెక్కలేసి చేసిందన్న ఆరోపణ పూర్తిగా నిలబడదు. మార్కెట్ అడిగింది నిజమే. కానీ అడిగిన మార్కెట్‌కి అతను ఇవ్వలేదుగా!

ఇక నా కంప్లైంట్. ఇది పాటల మీద కాదు, వాటి మధ్య కట్టిన గోడ మీద.

ఈ బ్యాండ్ మొదట్నుంచీ అన్నీ కలిపి కొట్టింది. ‘ఫ్యాట్ లిప్’నే తీసుకోండి. అందులో ర్యాప్ ఉంది, పంక్ ఉంది, పాట మాటల్లోనే ఐరన్ మెయిడెన్, జూడాస్ ప్రీస్ట్‌లకి దండం ఉంది. అదే ఆల్బమ్ చివర ‘పెయిన్ ఫర్ ప్లెజర్’ అని ఎనభైల నాటి మెటల్ బ్యాండ్ వేషం వేసుకుని ఓ పాట పాడారు. చూడ్డానికి వెటకారం, లోపల మాత్రం నిజమైన ప్రేమ. 2002లో ‘డజ్ దిస్ లుక్ ఇన్ఫెక్టెడ్?’ వచ్చేసరికి వెటకారం తగ్గింది, బరువు పెరిగింది. 2004లో డాక్యుమెంటరీ కోసం కాంగో వెళ్లి, బుకావులో కాల్పుల మధ్య హోటల్లో ఇరుక్కుపోయారు. అక్కడ్నుంచి బయటపడేయడానికి సాయం చేసిన ఐక్యరాజ్య సమితి మనిషి చక్ పెల్టియర్. ఆ ఏడాది ఆల్బమ్‌కి ఆయన పేరే పెట్టారు, ‘చక్’ అని. అందులో కోపం, కూనిరాగం ఒకే పాటలో పక్కపక్కనే కూర్చుంటాయి. నాకు సమ్ 41 అంటే అదీ.

చివరి ఆల్బమ్‌లో ఆ రెంటినీ విడదీశారు. పులిహోర అడిగితే ఓ గిన్నెలో అన్నం, ఇంకో గిన్నెలో పులుసు పెట్టినట్టు. రెండూ బాగానే ఉన్నాయి, కలపలేదంతే. పైగా పాప్ పంక్ వాళ్లకి పది, మెటల్ వాళ్లకి పది అని పంచేసరికి, ఎవరి వాటా వాళ్లు తీసుకుని పక్కవాడి వాటాకి వంకలు పెట్టడం మొదలైంది. ఇరవై ఏళ్లుగా అభిమానుల మధ్య నడుస్తున్న వాదనకి బ్యాండే సరిహద్దు రాయి పాతినట్టయింది.

అటు వైపు మాట కూడా వినాలి. డెరిక్ 2014లో తాగుడు వల్ల లివర్, కిడ్నీలు దెబ్బతిని ఆస్పత్రిలో చావు అంచుల దాకా వెళ్లొచ్చాడు. మళ్లీ నడవడం కూడా నేర్చుకోవాల్సి వచ్చిన మనిషి 2016లో ‘13 వాయిసెస్’ ఆల్బమ్‌తో తిరిగొచ్చాడు. 2006లో వెళ్లిపోయిన గిటారిస్ట్ డేవ్ బక్ష్ కూడా 2015లో వెనక్కొచ్చాడు. 2023 సెప్టెంబరులో డెరిక్‌కి న్యుమోనియా, మళ్లీ ఆస్పత్రి. అదే నెలలో ‘ల్యాండ్‌మైన్స్’ బయటికొచ్చింది. కొన్ని నెలలకి అది ‘ఫ్యాట్ లిప్’ ఎక్కిన చార్ట్‌లోనే నంబర్ వన్ అయింది. మధ్యలో 22 ఏళ్లకు పైగా గ్యాప్! ఇన్ని చూసినవాడు చివర్లో ‘నాకు రెండూ వచ్చు, రెండూ చూపించి వెళ్తా’ అనుకుంటే తప్పనగలమా?

అనలేం. కానీ నచ్చలేదని చెప్పే హక్కు అభిమానికి ఉంది. ‘ఆఖరి ఆల్బమ్ కదా, వంకలు పెట్టకూడదు’ అనే బ్యాచ్‌తో నాకు పడదు. పోయినవాళ్లందరూ మంచోళ్లే అనే లాజిక్ పాటలకి పనికిరాదు. ఇరవై ఏళ్లు వెంట నడిచినవాడు ‘ఆరో పాట కాస్త ల్యాగ్’ అంటే, అతను ఆరో పాట దాకా శ్రద్ధగా విన్నాడని అర్థం. ‘లెజెండ్స్’ అని ఒక్క ముక్క రాసి ఏడుపు ఎమోజీ పెట్టేసి పక్క రీల్‌కి వెళ్లిపోయినవాడు విన్నాడో లేదో మనకేం తెలుసు?

గొడవలో చాలామంది దాటేసిన పాట ఒకటుంది. స్వర్గం చివర ‘రేడియో సైలెన్స్’. స్పీడ్ తగ్గించి, హడావిడి పక్కన పెట్టి పాడిన పాట. నాకు ఆల్బమ్ మొత్తంలో నిజమైన వీడ్కోలు వినిపించింది అక్కడే. పేరులోనే ముగింపు పెట్టుకున్న ఆఖరి ట్రాక్ ‘హౌ ది ఎండ్ బిగిన్స్’లో కూడా అంతగా వినిపించలేదు. దీనికి మీరు ఒప్పుకోకపోవచ్చు, కామెంట్లలో కలుద్దాం.

2025 జనవరి 30న టొరంటోలోని స్కోషియాబ్యాంక్ ఎరీనాలో చివరి కచేరీ అయిపోయింది. సొంతూరికి కూతవేటు దూరంలోనే. మార్చిలో కెనడా మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు.

ఇంతవరకు వినని వాళ్లకి ఓ చిట్కా. ఆల్బమ్‌ని వరసలో వినకండి. ఫోన్లో కొత్త ప్లేలిస్ట్ ఓపెన్ చేసి అటొకటి, ఇటొకటి వేసుకోండి. ముందు ‘ల్యాండ్‌మైన్స్’, దాని వెనకే ‘రైజ్ అప్’. ఆ తర్వాత ‘డోపమైన్’, మళ్లీ నరకం నుంచి ‘ఓవర్ ది ఎడ్జ్’. నాలుగో పాటకల్లా ‘చక్’ నాటి బ్యాండ్ మీ ముందుకొచ్చి నిలబడుతుంది.