మోకాళ్ళ నొప్పి ఇటలీకేనా?

మా వదిన రిటైరైంది. వదినంటే మావారి అక్కగారు. తణుకు దగ్గర ఒక జిల్లాపరిషత్ హైస్కూల్లో ముప్ఫై నాలుగేళ్ళు సోషల్ పాఠాలు చెప్పి, అరవై రెండు నిండగానే శాలువా, పూలదండ, గోడగడియారం పుచ్చుకుని ఇంటికొచ్చింది. ఇక బడికి టైముకి వెళ్ళక్కర్లేదనే వాళ్ళకి గడియారం ఎందుకిస్తారో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆ ఆదివారం అందరం వాళ్ళింట్లో భోజనాలకి కూర్చున్నాం. ఆవిడ గుత్తొంకాయ కూర వడ్డిస్తూ వడ్డిస్తూ, "ఈ సెప్టెంబరు ఒకటిన ఇటలీ వెడుతున్నాను. మూడు నెలలు అక్కడే ఉంటాను" అంది, పక్క వీధిలో పేరంటానికి వెళ్ళొస్తానన్నంత తేలిగ్గా.

ఇంకేముంది! మజ్జిగలోకి వచ్చేసరికి ఇల్లు కోర్టయిపోయింది.

"నీ మోకాళ్ళ సంగతేమిటక్కా?" అన్నారు మావారు. "మరి నా భోజనం?" అన్నారు అన్నయ్యగారు, అంటే వదిన భర్త. "అంత డబ్బు నీళ్ళలో పోసినట్టే కదండీ" అంది పక్కింటావిడ. "ఎలాగూ వెడుతున్నారు కనక మోనాలిసాని చూసి రండి" అని ఉదారంగా సలహా ఇచ్చారు ఆవిడ భర్త. మోనాలిసా పారిస్‌లో ఉందని వదిన చెబితే, "మరింక ఇటలీలో ఏముంది?" అన్నారాయన.

ఇక్కడే నాకు ఒళ్ళు మండింది. ఎందుకో చెబుతాను, వినండి.

మా వదిన విమానం ఎక్కడం ఇది మొదటిసారి కాదు. 2019లో కోడలి పురిటికి డల్లాస్ వెళ్ళింది, ఆరు నెలలు. 2023లో రెండో పురిటికి వెళ్ళింది, మళ్ళీ ఆరు నెలలు. సెలవుల కోసం హెడ్మాస్టరు చుట్టూ, డి.ఇ.వో. ఆఫీసు చుట్టూ తిరిగింది. నాలుగు జాడీల ఆవకాయ, రెండు డబ్బాల నల్లకారం, శొంఠిపొడి, వాము, పిల్లాడికి ఆముదం మోసుకుంటూ రెండు విమానాలు మారింది. అప్పుడు మోకాళ్ళ సంగతి అడిగిన మహానుభావుడు ఒక్కడు లేడు. ఆ మోకాళ్ళతోనే కొడుకింట్లో మేడమెట్లు రోజుకి ఇరవైసార్లు ఎక్కి దిగింది. అన్నయ్యగారి భోజనం గురించీ ఎవరూ బెంగపడలేదు. వీధి చివర కర్రీ పాయింటు ఉంది, ఆయన నిక్షేపంలా తిన్నారు, రెండు కిలోలు పెరిగారు కూడా. వదిన ఇటలీ వెడితే ఆ కర్రీ పాయింటు మూసేస్తారా?

కాబట్టి అసలు విషయం మోకాళ్ళు కాదు. ఆడదాని మోకాళ్ళు సేవకైతే పనిచేస్తాయి, సరదాకైతే పనిచెయ్యవు! ఇదీ మన వైద్యశాస్త్రం.

మనవల్ని ఎత్తుకోవడం తప్పని నేనంటున్నానని అనుకోకండి. వదిన ఆ పిల్లల్ని ప్రాణంగా చూసుకుంది. వాళ్ళ మాటొస్తే ఇప్పటికీ కళ్ళు మెరుస్తాయి. మాట కోసం చెబుతున్నాను గానీ, ఆ ఇటలీలో కూడా బామ్మలే మనవల్ని చూసుకుంటారు. కానీ ప్రేమతో చేసిన పని కూడా పనే. దానికి "అమెరికా చూసొచ్చింది" అని పేరు పెట్టడమే అన్యాయం. ఆవిడ అమెరికా ఏం చూసింది? వంటింటి కిటికీలోంచి ఎదురింటి గరాజ్ తలుపు చూసింది.

ఇంతకీ ఇటలీయే ఎందుకు? దానికో కథ ఉంది.

వదిన ఏటా పదో తరగతి పిల్లల్ని హైదరాబాదు ఎక్స్‌కర్షన్‌కి తీసుకెళ్ళేది. సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెకా ఉంది కదా, అది ఇటలీ శిల్పి బెంజోనీ చేసింది. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోము వెళ్ళినప్పుడు కొనుక్కొచ్చారు. పాలరాతి ముసుగు వెనక పాలరాతి ముఖం కనిపిస్తుంది. రాయి బట్ట ఎలా అయిందని వదిన ఎప్పుడూ నిలబడి చూడబోయేది. అంతలో గంట కొట్టే టైమయ్యేది. "మేడమ్, గడియారం! గడియారంలో బొమ్మ వచ్చి గంట కొడుతుంది!" అని పిల్లలు పరుగు. వాళ్ళ వెనక ఈవిడ పరుగు. అలా ముప్ఫై ఏళ్ళపాటు రెబెకాని ఏడాదికి రెండేసి నిమిషాల చొప్పున చూసింది. మొత్తం కలిపితే ఒక గంట!

ఆ ముప్ఫై నాలుగేళ్ళూ తరగతిలో "సాంస్కృతిక పునరుజ్జీవనం" పాఠం చెప్పింది. పుస్తకంలో పోస్టల్ స్టాంపంత బొమ్మలు, అవీ సిరా అలికినవి. "తినకుండా రుచి చెప్పిన వంటమనిషిని అమ్మాయ్ నేను" అంది నాతో ఒకసారి. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ నవ్వలేదు.

"సరే, పది రోజుల ప్యాకేజీ టూరుకి వెళ్ళొచ్చుగా" అంటారు తెలివైనవాళ్ళు. ఆ టూర్లు మా వీధిలో నలుగురు వెళ్ళొచ్చారు. పది రోజులకి ఏడు దేశాలు, ఏడు దేశాల్లోనూ పప్పన్నం. 1173లో మొదలుపెట్టిన పీసా గోపురానికి చెయ్యి అడ్డంపెట్టి నిలబెడుతున్నట్టు ఫోటో. ఎంత నిలబెట్టినా మనం బస్సెక్కాల్సిందే కదా! వెనిస్ నగరం 2024లో ఒక పద్ధతి పెట్టింది. రద్దీ రోజుల్లో పొద్దున వచ్చి సాయంత్రం పోయే యాత్రికులు రుసుం కట్టి లోపలికి రావాలి. రాత్రి బస చేసేవాళ్ళకి అది లేదు. ఆ ఊరే చెబుతోంది, చూసి పోయేవాడికన్నా ఉండేవాడు నయమని. ఇది పర్యాటకుల మాట కాదు, ఇంటివాళ్ళ మాట.

వదిన ఏర్పాట్లు చూస్తే ఇన్‌స్పెక్షన్‌కి తయారైన టీచరు గుర్తొస్తుంది. రోము కాదు, ఫ్లోరెన్స్ కాదు, కొండమీదున్న పెరుజా అనే ఊరు ఎంచుకుంది. అక్కడ విదేశీయులకి ఇటాలియన్ నేర్పడానికే 1921 నుంచి ఒక విశ్వవిద్యాలయం ఉంది. అ ఆల నుంచి మొదలుపెట్టి నెలలవారీగా చెబుతారు. అసీసీ రైల్లో అరగంట. 1997 భూకంపంలో అక్కడి చర్చి కప్పు కూలితే, రాలిన కుడ్యచిత్రాల పెళ్ళల్ని వేలకొద్దీ ఏరి, ముక్కకి ముక్క పొదిగి మళ్ళీ బొమ్మలు నిలబెట్టారు. "ఓపిక చూడాలంటే అక్కడే చూడాలి" అంటుంది వదిన. ఫ్లోరెన్స్ రెండు గంటలు. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలకి టిక్కెట్టు లేదు. రోములో ఒక చర్చిలో కరవాజియో బొమ్మలు మూడు, ఎవరైనా ఉచితంగా వెళ్ళి చూడవచ్చు. మూడు నెలలుండేవాళ్ళకే ఈ లెక్కలు పనికొస్తాయి. పది రోజుల వాళ్ళు టిక్కెట్టుకి, క్యూకి, మూత్రశాలకి కూడా డబ్బు కట్టాల్సిందే.

వీసా సంగతీ ఆవిడే తేల్చుకుంది. యూరప్ వాళ్ళ మామూలు వీసా మీద నూట ఎనభై రోజుల్లో తొంభై రోజులే ఉండాలి. అంతకు మించితే వేరే వీసా, దిగిన ఎనిమిది పనిదినాల్లో నివాస అనుమతికి దరఖాస్తు, పెద్ద తతంగం. దిగిన రోజూ ఎక్కిన రోజూ కూడా లెక్కలోకి వస్తాయి. సెప్టెంబరు ముప్ఫై, అక్టోబరు ముప్ఫై ఒకటి, కాబట్టి నవంబరు ఇరవై తొమ్మిదిన కట్టుబట్టలతో నైనా సరే బయటపడాలి. ముప్ఫై వేల యూరోలకి ఆరోగ్య బీమా తప్పనిసరి. తిండి, అద్దె, చదువు, విమానం కలిపి ఆరు లక్షల లోపు తేల్చింది. పోయినేడాది మా చుట్టాల పెళ్ళిలో ఒక్కపూట భోజనాలకి ఇంతకన్నా ఎక్కువైంది. అందులో సగం విస్తళ్ళలో వదిలేశారు. దాన్నెవరూ నీళ్ళలో పోశారని అనలేదు. ఇదేమో ఆవిడ గ్రాట్యుటీలోది, ఆవిడ గొంతు బొంగురుపోయేలా సంపాదించింది.

చివరి అస్త్రం ఒకటి మిగిలింది. "మనకి లేని సంస్కృతా?"

ఉంది బాబూ, బోలెడుంది. తెలుగు ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్ అని సభల్లో గుండెలు చరుచుకుంటాం. 1420 ప్రాంతాల్లో విజయనగరం చూసిన నికొలో కాంటీ పేరు చెప్పి మరీ చరుచుకుంటాం. మన మాటల్లాగే వాళ్ళ మాటలూ అచ్చులతోనే ముగుస్తాయని మురిసిపోతాం. ఆ మాటలు నాలుగు నేర్చుకున్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి! కాంటీ సముద్రాలు దాటి వచ్చి మన ఊళ్ళు చూశాడు. ఆరువందల ఏళ్ళ తరవాత మన టీచరమ్మ ఒకర్తె వాళ్ళ ఊరు చూసొస్తానంటే సంస్కృతి చెడిపోతుందా?

పైగా, పరాయి ఊళ్ళో ఉండి చూస్తే మన అలవాట్లు మనకే కొత్తగా కనిపిస్తాయి. అక్కడ నవంబరు రెండున పెద్దల్ని తలుచుకుంటారు, మన మహాలయంలాగా. సమాధుల మీద చేమంతులు పెడతారు. అందుకని ఎవరింటికైనా వెడితే చేమంతులు పట్టుకెళ్ళకూడదు. కార్తీకమాసంలో జడనిండా చేమంతులు తురుముకునే మా వదిన ఈ సంగతి నోట్సులో ఎర్రసిరాతో రాసుకుంది. మర్యాదంటే ఇదే కదా, వాళ్ళింటికి వెళ్ళేముందు వాళ్ళ పద్ధతి తెలుసుకోవడం. మధ్యాహ్నం కొట్లు మూస్తారనీ, కాఫీ నిలబడి తాగితేనే చవకనీ, సాయంత్రం ఊరంతా పెద్దవీధిలో ఊరికే నడుస్తుందనీ కూడా రాసుకుంది. "ఊరికే నడవడం! నేనెప్పుడైనా ఊరికే నడిచానా అమ్మాయ్? కూరగాయలకో, బస్సుకో నడిచాను" అంది.

ఇప్పుడు నా తప్పు కూడా చెప్పుకోవాలి. ఇంత దెబ్బలాడుతున్న నేను, ఆ రోజు భోజనాల దగ్గర అందరికన్నా ముందు నోరు జారినదాన్ని. "ఈ వయసులో ఎందుకు వదినా?" అనేశాను. కథల్లో నా నాయికల్ని తలెత్తుకు తిరగమని పంపే నేను, ఇంట్లో మనిషి గుమ్మం దాటుతానంటే వయసు అడిగాను.

ఆవిడ జవాబు చెప్పలేదు. మూల కుర్చీలో ఉన్న మా అత్తగారు చెప్పారు. ఆవిడకి ఎనభై ఆరు. "నేను కాశీ వెడతానంటే పిల్లల పెళ్ళిళ్ళు కానీ అన్నారు మీ మావగారు. పెళ్ళిళ్ళయ్యాయి. మనవలు పుట్టనీ అన్నారు. పుట్టారు. తరవాత ఆయన పోయారు, నా కాళ్ళు పోయాయి. ఉద్యోగం చేసింది కాబట్టి దీనికి రిటైర్మెంటని ఒక తారీకైనా వచ్చింది. నాకదీ లేదు. వెళ్ళిరానివ్వండి దాన్ని."

మజ్జిగన్నం మెతుకు మింగుడు పడలేదు నాకు. మావారు కంచంలోకి చూస్తూ కూర్చున్నారు. ఆ రాత్రే అక్కగారికి ఫోను చేసి, విమానం టిక్కెట్టు తను తీస్తానన్నారు. వదిన వద్దంది. "నా డబ్బుతోనే వెడతానురా. నువ్వు అమ్మని కాశీ తీసుకెళ్ళు, చక్రాల కుర్చీలోనైనా సరే" అంది. ఆ టిక్కెట్లు అక్టోబరుకి తీశాం.

డల్లాసు నుంచి మేనల్లుడు మాత్రం కొంచెం అలిగాడు. పిల్లల్ని చూసుకోవడానికి మళ్ళీ వస్తుందని లెక్క వేసుకున్నాడు పాపం. "నవంబరు ముప్ఫైన మాట్లాడుకుందాం నాన్నా, అప్పటిదాకా నాకు క్లాసులున్నాయి" అని ఫోను పెట్టేసింది వదిన.

మీ ఇంట్లోనూ ఒక వదినో, అక్కో, అమ్మో ఉండే ఉంటుంది. ఈ సాయంత్రం ఆవిణ్ణి అడగండి, ఎక్కడికి వెళ్ళాలనుందో. మోకాళ్ళ సంగతి ఆవిణ్ణే చూసుకోనివ్వండి.