రసద్ ఆగితే ఆకలి ఎవరికి?

‘ఫౌజ్‌ని చుట్టుముట్టారు’ అని టీవీ చెబితే మనం క్రికెట్ స్కోరులా వింటాం. ఉర్దూ బడిలో నేను చదువుకున్న ‘ముహాసిరా’ అనే లఫ్జ్‌కి అసలు మానీ 2022లో ఉక్రెయిన్ శహర్ మరియుపోల్ చూపించింది.

మార్చి మొదట్లోనే రష్యా దాన్ని చుట్టుముట్టింది. నీళ్లు, కరెంటు, గ్యాస్ బంద్. అవామ్ మంచు కరిగించుకుని తాగారు. అజోవ్‌స్టల్ ఉక్కు కర్మాగారంలో చిక్కుకున్న ఉక్రెయిన్ ఫౌజ్‌కి హెలికాప్టర్లు రసద్ దించి, జఖ్మీలను ఎక్కించుకెళ్లాయి. కొన్ని కూలిపోయాయి. ఏప్రిల్ 21న పుతిన్, లోపలికి చొరబడొద్దు, ఈగ కూడా దూరకుండా మూసేయండి అని హుకుం ఇచ్చాడు. మేలో సిపాయిలు లొంగిపోయారు.

దుష్మన్ రసద్ కోయడం జంగ్‌లో పాత తరీఖా. కానీ ఆ కర్మాగారం నేలమాళిగల్లో ఆడవాళ్లు, పిల్లలు కూడా ఉన్నారు. ఐక్యరాజ్యసమితి, రెడ్‌క్రాస్ వాళ్లని బయటికి తెచ్చేసరికి మే నెల వచ్చింది. తూటాలు వచ్చే రాస్తా, పాలు వచ్చే రాస్తా ఒకటే మరి!

అవామ్‌ని ఆకలితో మాడ్చడం జంగ్ తరీఖా కాకూడదని 1977 నాటి జెనీవా అదనపు ప్రోటోకాల్ చెబుతోంది. కాబట్టి వాళ్లకి రాస్తా వదలడం మెహర్బానీ కాదు, వాళ్ల హక్. ఇకమీద ఎవరైనా ముహాసిరా గురించి ఖుషీగా చెబితే, లోపల అవామ్ ఎంతమంది అని సవాల్ అడగండి.