బస్సు ఎక్కని పిల్లలు

పోయిన వేసవి సెలవుల్లో ఆర్.కె.పేట నుంచి మా సండేస్కూలు పిల్లలను చెన్నై దగ్గరున్న ఒక వినోద పార్కుకు తీసుకెళ్ళాము. తలకు 1,400 రూపాయలు కట్టాలని ఆదివారం ఆరాధన తర్వాత ప్రకటించాము. ఆ రోజు తెల్లవారుజామున బస్సు దగ్గర ప్రార్థన చేసి, ఎక్కినవాళ్ళను లెక్కపెట్టుకొని బయలుదేరాము. ఎక్కనివాళ్ళను మాత్రం లెక్కపెట్టలేదు.

తర్వాతి ఆదివారం పిల్లలంతా రైడ్ల సంగతులే చెప్పుకుంటున్నారు. వెనక వరుసలో తొమ్మిదిమంది మాట్లాడకుండా కూర్చున్నారు. "నువ్వెందుకు రాలేదురా?" అని ఒకణ్ణి అడిగాము. "జొరం వచ్చింది అయ్యగారూ" అన్నాడు. జ్వరం రాలేదని తర్వాత వాళ్ళమ్మ చెప్పింది. ఇంట్లో ఇద్దరు పిల్లలు, 2,800 రూపాయలు. ఆ వారం మగ్గం ఆగిపోయి ఉంది. ఎవరో ఒకరిని పంపి ఇంకొకరిని ఆపడం ఇష్టంలేక ఇద్దరినీ ఆపేశారు.

ఈ తప్పు మాదే. ఇంకెవరిమీదా వేయబోము. అయితే అది మా ఒక్కరి తప్పుగానే మిగిలిపోకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఒక కుటుంబం ఒక్కరోజు పార్కుకు వెళ్ళి రావాలంటే ఎంతవుతుందో కాగితంమీద లెక్క వేసి చూశాము. పెద్దవాళ్ళ టికెట్ సుమారు 1,500, పిల్లల టికెట్ సుమారు 1,200. తల్లిదండ్రులు, ఇద్దరు పిల్లలు కలిసి గేటు దాటడానికే 5,400 రూపాయలు. ఇక్కడినుంచి పోను రాను 1,200, లోపల తిండికి 1,000, నీళ్ళ ఆటలకు వేసుకోవలసిన బట్టలకు, లాకరుకు 500. మొత్తం 8,100. 2025-26లో తమిళనాట ఉపాధి హామీ కూలి రోజుకు 336 రూపాయలు. అంటే ఒక్కరోజు సంతోషానికి ఒక మనిషి 24 రోజుల కూలి పోవాలి. ఆర్.కె.పేట, అమ్మయ్యార్‌కుప్పం, పొదటూరుపేటలలో మగ్గాలమీద బతికేవాళ్ళకు ఆ 24 రోజులైనా వరుసగా పని దొరుకుతుందన్న నమ్మకం లేదు.

టికెట్ ఒక్కటే అయితే ఎలాగో దాచుకోవచ్చు. అసలు భారం దాని చుట్టూ ఉంది. చాలా పార్కుల్లో సెలవు రోజుల్లో, శని ఆదివారాల్లో ధర ఎక్కువ. మామూలు రోజుల్లో తక్కువకు రమ్మంటారు. కాని కూలివాడికి తీరిక దొరికేదే ఆదివారం. కూలి పోగొట్టుకొని తక్కువ టికెట్ కొనాలి, లేదా కూలి నిలుపుకొని ఎక్కువ టికెట్ కొనాలి. పిల్లలకు అర టికెట్ వయసునుబట్టి కాదు, ఎత్తునుబట్టి. ఇంటినుంచి పులిహోర కట్టుకెళితే గేటు దగ్గరే ఆపేస్తారు. ఇంకా డబ్బు పెట్టగలిగినవాళ్ళకు వేరే వరుస ఉంటుంది. వాళ్ళు ముందు ఎక్కుతుంటే మిగతా పిల్లలు ఎండలో నిలబడి చూస్తుంటారు. డబ్బున్నవాడు ముందు, లేనివాడు వెనక అనే పాఠం ఆట స్థలంలోనే నేర్పుతున్నాము.

ఇది మన ప్రాంతంలోనే ఉన్న జబ్బు కాదు. 1955లో అమెరికాలో డిస్నీలాండ్ తెరిచినప్పుడు పెద్దవాళ్ళ ప్రవేశ రుసుము ఒక డాలరు. రైడ్లకు వేరే టికెట్లు ఉండేవి. అప్పటి కనీస వేతనం గంటకు 75 సెంట్లు. అంటే గంటన్నర లోపు పనిచేస్తే గేటు దాటవచ్చు. ఇప్పుడు రద్దీ రోజుల్లో అక్కడ టికెట్ 200 డాలర్లు దాటింది. ఫెడరల్ కనీస వేతనం 2009 నుంచి 7.25 డాలర్ల దగ్గరే ఆగి ఉంది. దాని ప్రకారం దాదాపు 28 గంటలు పనిచేయాలి. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు కూడా పిల్లల కోసం నెలల తరబడి దాచి వెళుతున్నాయి.

"అప్పుచేసి ఆటలేమిటి? పొదుపు నేర్చుకోవాలి" అనే పెద్దలు మన సంఘాల్లో ఉన్నారు. ఒకప్పుడు మేమూ ఆ మాట అన్నవాళ్ళమే. కాని బిడ్డ కోరిక పాపం కాదు. విశ్రాంతి దినం ఆజ్ఞలో దాసుడు, దాసి, పరదేశి కూడా యజమానితో సమానంగా విశ్రమించాలని ఉంది. జెకర్యా ప్రవక్త చూసిన బాగుపడిన పట్టణంలో వీధులనిండా మగపిల్లలు, ఆడపిల్లలు ఆడుకుంటున్నారు. అక్కడ గేటు లేదు, టికెట్టూ లేదు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం విశ్రాంతిని, ఆటను ప్రతి బిడ్డకు హక్కుగా గుర్తించింది. 1992లో మన దేశం దానిలో చేరింది. హక్కు అని ఒప్పుకున్న తర్వాత అది కొనుక్కోగలిగినవాళ్ళకే అంటే ఎలా?

ప్రభుత్వానికి ఇందులో బాధ్యత ఉంది. వినోద పార్కుల ప్రవేశంమీద జి.ఎస్.టి.ని 2018 జనవరిలో 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించారు. 2025 డిసెంబరులో చెన్నై శివారులో తెరిచిన వండర్‌లా 600 కోట్లకు పైగా పెట్టుబడితో వచ్చింది. దానికి రాష్ట్ర ప్రభుత్వం స్థానిక సంస్థల వినోదపు పన్నునుంచి మినహాయింపు ఇచ్చింది. పెట్టుబడి రావాలి, ఉద్యోగాలు రావాలి, కాదనము. విద్యార్థులకు, పాఠశాల బృందాలకు పార్కులు రాయితీలు ఇస్తున్న మాట కూడా నిజమే. కాని ప్రజలు వదులుకున్న పన్నుకు బదులుగా పేద పిల్లలకు ఏమి దక్కాలో ముందే షరతుగా రాసుకోవాలి. నెలకు ఒక ఆదివారం ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు నామమాత్రపు రుసుము పెట్టడం అసాధ్యం కాదు. ప్రభుత్వం సొంతంగా కట్టినచోటా పరిస్థితి గొప్పగా లేదు. 2024లో చెన్నై కథీడ్రల్ రోడ్డులో తెరిచిన కలైంజర్ శతజయంతి పార్కులో ప్రవేశానికి ఒక రుసుము, జిప్‌లైన్‌కు ఇంకో రుసుము. ముందుగా ప్రతి పంచాయతీలో నీడ, నీళ్ళు, విరిగిపోని ఊయల ఉన్న ఆట స్థలం ఒకటి కావాలి.

పాఠశాలలకు మా మనవి ఒకటే. క్లాసులో ఒక్క బిడ్డ అయినా డబ్బులేక ఆగిపోయే టూరు పెట్టకండి. పూండి జలాశయం ఉంది, పులికాట్ సరస్సు ఉంది, వండలూరు జూ ఉంది. తక్కువలో అందరూ వెళ్ళే చోటు ఎంచుకోండి.

ఇక మన సంఘాలు. ఈ వేసవికి మేము ఒక నిర్ణయం తీసుకున్నాము. తలకు ఇంత అని ప్రకటించము. చందా పెట్టె పెడతాము, ఎవరెంత వేశారో చూడము. పోగైన డబ్బుకు ఎంత దూరం వెళ్ళగలమో అంత దూరమే వెళతాము. అది పెద్ద పార్కు కాకపోవచ్చు, చెరువుగట్టే కావచ్చు. పులిహోర మాత్రం ఇంటినుంచే కట్టుకెళతాము.

బయలుదేరేముందు తలలు మళ్ళీ లెక్కపెడతాము. ఈసారి లెక్క సండేస్కూలు రిజిస్టరుతో సరిపోవాలి. సరిపోకపోతే బస్సు కదలదు.