ఊరికొక పెరడు



మన పూర్వులు మహాకావ్యమునకు విధించిన పదునెనిమిది వర్ణనములలో నగరవర్ణన మొకటి, ఉద్యానవర్ణన మొకటి. కోటలను, మేడలను, అంగడివీథులను ఎంత చక్కగా వర్ణించినను, తోటను మరచినచో కావ్యమునకు కొరత వచ్చినట్లే. అది కేవలము సౌందర్యమునకై చెప్పిన మాటయని మనము చదివి విడిచితిమి. పట్టణమున నుండువారి యారోగ్యమునకును తోట యంతే యవసరమని నేటి పరిశోధకులు చెప్పుచున్నారు. ఆ సంగతి యీ మాసమున విచారింతము.

మన అమ్మమ్మలకు ఉద్యానములతో పని లేకుండెను. ఏలయన వారికి పెరడుండెను. నూతిచెంత అరటి, గోడవార కరివేప, పందిరిపై ఆనపపాదు, మూల నొక పారిజాతము. నీరు తోడునపుడును, కూర కోయునపుడును, సాయంకాలము జడ వేసికొనునపుడును వారి కన్నులు పచ్చదనముపై నిలిచెడివి. నేడు పట్టణములలో ఆ పెరడు అపార్ట్‌మెంటు క్రింద అణగిపోయినది. బాల్కనీలో రెండు పూలకుండీలకు చోటు దొరికిన అది మన భాగ్యమే. ఇంటి పెరడు పోయినవారికి మిగిలినది ఊరి పెరడు, అనగా పార్కు. అందు ప్రాతఃకాలమున నడచువారిని చూడుడు. ఉద్యోగస్థులు, పింఛనుదారులు, విద్యార్థులు కనబడుదురు. ఆ వేళ గృహిణి పొయ్యియొద్ద నుండును.

“ఇల్లంతయు తిరుగుచునే యున్నాము గదా, వేరే నడక యేల?” అని కొందరందురు. ఇంటిపని శరీరమునకు శ్రమయగుట సత్యమే. కాని యింట తిరుగు స్త్రీకి మనస్సు ఒక్క నిమిషమైనను తన యధీనమున నుండదు. చెవి కుక్కరు కూతమీద, కన్ను పాలగిన్నెమీద, తలపు బడినుండి రావలసిన పిల్లలమీద. చెట్లనడుమ నడచునపుడు ఈ కాపలా సడలును. ఆకుల కదలికయు, పిట్టల కూతయు మన దృష్టిని బలవంతముగా లాగవు, మెల్లగా పట్టియుంచును. అలసిన చిత్తము అట్టి యెడల తేరుకొనునని మనశ్శాస్త్రజ్ఞులు పలువురి మతము.

1984 లో రోజర్ ఉల్రిచ్ అను అమెరికా పరిశోధకుడు ప్రకటించిన విషయ మొకటి ప్రసిద్ధము. పెన్సిల్వేనియాలోని యొక ఆసుపత్రిలో పిత్తాశయమునకు శస్త్రచికిత్స జరిగిన 46 మంది రోగుల వివరములను ఆయన సరిపోల్చెను. అందు సగముమందికి కిటికీనుండి చెట్లు కనబడెడివి, తక్కిన సగముమందికి ఇటుకగోడ. చెట్లను చూచినవారు సగటున ముప్పాతిక దినము ముందుగా ఇండ్లకు వెడలిరి. బాధను అణచు తీవ్రౌషధములును వారికి తక్కువగనే కావలసివచ్చెను.

మరియు 2019 లో ఇంగ్లండునందు సుమారు 20,000 మంది చెప్పిన వివరములను పరిశీలించి ప్రకటించిరి. వారమునకు 120 నిమిషములు, అనగా రెండు గంటలు, తోటలలోనో వనములలోనో సముద్రతీరముననో గడపినవారు, అసలే పోనివారికంటె తమ యారోగ్యము బాగున్నదనియు, జీవితము తృప్తిగా నున్నదనియు హెచ్చుగా చెప్పిరి. ఆ రెండు గంటలు ఒక్కనాడే గడపినను, నాలుగునాళ్లకు పంచుకొనినను ఫలమున భేదము కనబడలేదు.

ఆరోగ్యవంతులే తోటలకు హెచ్చుగా పోవుదురేమో యని మీకు సందేహము కలుగవచ్చును. అది న్యాయమైన సందేహమే. దానికి కొంత సమాధానము ఫిలడెల్ఫియా నగరమున దొరకినది. అచ్చట 541 పాడు స్థలములను చీట్లు వేసినట్లు విభజించి, కొన్నిటిని బాగుచేసి గడ్డియు కొలది చెట్లును నాటిరి. కొన్నిటిని చెత్త మాత్రమే తీసివేసి విడిచిరి. మరికొన్నిటిని ముట్టనే లేదు. 2018 లో ప్రకటించిన ఫలితమును బట్టి, పచ్చనైన స్థలముల చెంత నివసించువారిలో దిగులుగా నున్నదని చెప్పువారు, ముట్టని స్థలముల చెంతవారితో పోల్చగా, నూటికి 40 వంతులకు పైగా తగ్గిరి. అచ్చట మారినది మనుష్యులు గారు, వీథిలోని స్థలము.

శరీరమునకు కలుగు మేలు మనకు సులభముగా బోధపడును. చెట్టు నీడనిచ్చుటయే గాక, ఆకులనుండి నీటిని ఆవిరిగా విడుచుచు చుట్టునున్న గాలిని చల్లబరచును. నడక రక్తపోటును, మధుమేహమును అదుపునందుంచుటకు తోడ్పడును. పెద్దలు వారమునకు కనీసము 150 నిమిషములు ఒకమోస్తరు వ్యాయామము చేయవలెనని ప్రపంచారోగ్యసంస్థ సలహా. చెట్లక్రింద చురుకుగా నడచిన కాలము ఆ లెక్కకును వచ్చును.

ఉపాధ్యాయుని యింటిదానను గావున పిల్లల సంగతి చెప్పక విడువలేను. ముందువరుసలో కూర్చుండబెట్టినగాని నల్లబల్ల కనబడని పిల్లలు ఏటేట పెరుగుచున్నారు. చైనాదేశమున గ్వాంగ్‌ఝౌ నగరములో ఆరేడేండ్ల బాలబాలికలను కొన్ని బడులలో దినమునకు 40 నిమిషములు అదనముగా ఆరుబయట నుంచి, మూడేండ్లు గమనించిరి. ఆ బడులలో హ్రస్వదృష్టి వచ్చినవారు నూటికి సుమారు 30 మంది, తక్కిన బడులలో సుమారు 40 మంది. 2015 లో ఈ ఫలితములు వెలువడినవి. బయటి వెలుగే దీనికి ముఖ్యకారణమని తలంచుచున్నారు. కావున తల్లి పార్కునకు పోవునపుడు బిడ్డను వెంటగొనిపోయిన, ఒక్క నడకతో ఇద్దరికి మేలు.

అయితే కొన్ని జాగ్రత్తలు వలయును. వేసవిలో ఎండ ముదురకముందే తిరిగి రావలెను. వానకాలమున దోమలు కుట్టకుండ చేతులు, పాదములు కప్పుకొనవలెను. డెంగీని వ్యాపింపజేయు దోమ పగటివేళనే కుట్టును. బాగుచేయని స్థలములలో వయ్యారిభామ యను కలుపు తెల్లని చిన్నపూలతో ఏపుగా పెరుగును. పేరు ముచ్చటైనదే గాని, దాని స్పర్శచే కొందరికి చర్మవ్యాధియు, పుప్పొడిచే ఉబ్బసమును కలుగును. పిల్లలను దాని దరికి పోనీయకుడు. గుండెజబ్బు గలవారు వైద్యుని యడిగి నడక ప్రారంభింపవలెను. తోట మందులకు తోడేగాని మారు గాదు.

ఇన్ని చెప్పినను, పోవుటకు పార్కు ఉండవలెను గదా! కాపాడినవారుండుటచేతనే ఉన్నవి నిలిచినవి. బెంగుళూరులో హైదరాలీ 1760 లో ఆరంభించిన లాల్‌బాగు నేటికిని జనులకు నీడనిచ్చుచున్నది. హైదరాబాదున జూబిలీహిల్సులో 300 యకరములకు పైబడిన అడవి 1998 లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానముగా ప్రకటింపబడెను. ఆ మేడలనడుమ నెమలి కేక యిప్పటికిని వినబడును. కాని చిన్న పట్టణములలో పార్కునకని విడిచిన స్థలము కొన్నాళ్లకు చెత్తకుప్పయగును, మరికొన్నాళ్లకు ఎవరి ప్రహరీలోనికో జరుగును. ఉన్న పార్కులోనైనను దీపములు లేక, స్త్రీలకు మరుగుదొడ్డి లేక, పొద్దుగూకినతోడనే మనము వెనుకకు మరలవలసివచ్చును. ఇది మన సిగ్గుచే ఊరకుండదగిన విషయము గాదు. తెలుగునాట పురపాలకసంఘములలో సగము స్థానములు స్త్రీలకు ప్రత్యేకింపబడినవి. మీ వీథిలోని పదిమంది గృహిణులు కలసి, దీపములు, బల్లలు, మరుగుదొడ్డి, కావలివాడు కావలెనని చేవ్రాళ్లుచేసి మీ వార్డు సభ్యురాలికి విన్నపము నీయుడు. ఒక్కరి మాట మరువబడును, పదిమంది చేవ్రాళ్లు దస్త్రమున నిలుచును.

తక్కినది ఇంటిలో తీర్చుకొనవలసిన వ్యవహారము. వారమునకు నాలుగు సాయంకాలములు, అరగంట చొప్పున, పొరుగింటి చెలిని తోడుచేసికొని వెడలుడు. సెల్‌ఫోను సంచిలోనే యుండనిండు. ఆ అరగంట పొయ్యి చూచు భారము భర్తయో, ఎదిగిన బిడ్డలో వహింతురు గాక. ఇంటిల్లిపాది యారోగ్యమునకు కాలము లెక్కించి పెట్టు ఇల్లాలు, ఆ లెక్కలో తనకొక రెండు గంటలు వ్రాసికొనుట తప్పు గాదు. అది గృహధర్మములో ఒక భాగమే.