హైదరాబాద్‌లో ఖరీదైనది దూరమే

సెలవులు దగ్గర పడుతున్నాయంటే హైదరాబాద్‌లో ఉండే చుట్టాలకు ఊళ్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి. పిల్లలకు సిటీ చూపించాలి, ఖర్చు చేయి దాటకూడదు, ఎలా అని. అవతలివాళ్లూ ఉత్సాహంగానే చెబుతారు. బిర్యానీ ఏ హోటల్లో తినాలో, లాడ్ బజార్‌లో గాజులు ఎంతకు అడగాలో, సుల్తాన్ బజార్‌లో బేరం ఎక్కడ మొదలుపెట్టాలో పూసగుచ్చినట్టు చెబుతారు. ఈ సలహాల్లో తప్పేమీ లేదు. కానీ నలుగురున్న కుటుంబం రెండు రోజులకే జేబు ఖాళీ చేసుకుని తిరుగు రైలెక్కుతోందంటే ఆ పాపం బిర్యానీది కాదు, గాజులదీ కాదు. అసలు కారణం సిటీలో ఉండేవాడికి తట్టదు, ఎందుకంటే అతనికి సొంత బండి ఉంది. బస్సు నంబర్లు మరిచిపోయి ఏళ్లయి ఉంటుంది. చార్మినార్ మెట్లెక్కిందీ బహుశా ఇలాగే ఎవరో చుట్టాలు వచ్చినప్పుడే. స్థానికుడి మాట అంటే మనకు గురి ఎక్కువ. ఈ ఒక్క విషయంలో మాత్రం అతనికీ మనకీ మధ్య ఒక స్కూటరంత తేడా ఉంది. హైదరాబాద్‌లో చూడటం చవక, తినడం చవక, తిరగడమే ఖరీదు. ఆ తిరుగుడును ఇంటి దగ్గరే కత్తిరించుకుని బయల్దేరితే మిగతా పొదుపుల గురించి పెద్దగా బెంగ పడాల్సిన పని లేదు.

లెక్క చూడండి. చార్మినార్ ఎక్కడానికి, గోల్కొండ కోటలోకి వెళ్లడానికి పెద్దవాళ్లకు తలా 25 రూపాయలు. పదిహేనేళ్ల లోపు పిల్లలకు పురావస్తు శాఖ టికెట్టే లేదు. సాలార్‌జంగ్ మ్యూజియం టికెట్ వంద రూపాయల లోపే. మక్కా మసీదు, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్ చూడటానికి పైసా అక్కర్లేదు. పొద్దున బండి మీద ఇడ్లీ, మధ్యాహ్నం మెస్సులో భోజనం, సాయంత్రం ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ అనుకుంటే తిండి ఖర్చు మన జిల్లా కేంద్రంలో అయ్యేదానికి మరీ ఎక్కువేమీ కాదు. (నగరపాలక సంస్థ 2014లో మొదలుపెట్టిన అయిదు రూపాయల భోజనాన్ని కూడా కొందరు పర్యాటకులకు చిట్కాగా చెబుతుంటారు. అది అడ్డా కూలీల కోసం, ఆసుపత్రుల్లో రోగుల వెంట వచ్చినవాళ్ల కోసం పెట్టిన అన్నం. విహారానికి వచ్చినవాళ్లు ఆ వరసలో నిలబడకపోవడమే మర్యాద.) ఇన్ని చవకగా ఉన్నప్పుడు డబ్బు ఎటు పోతోంది? నగరం చుట్టూ వేసిన ఔటర్ రింగ్ రోడ్డు పొడవు 158 కిలోమీటర్లు. ఆ వలయంలో గోల్కొండ పడమటి వైపు ఉంది. రామోజీ ఫిల్మ్ సిటీ తూర్పున వలయం కూడా దాటిపోయి ఉంది. విమానాశ్రయం దక్షిణాన, శంషాబాద్‌లో. అందరూ పంచుకునే ‘తప్పక చూడాల్సినవి’ జాబితాలో ఇవన్నీ ఒకదాని కింద ఒకటి, పక్క వీధుల్లో ఉన్నట్టే కనిపిస్తాయి. పొద్దున కోట, మధ్యాహ్నం చార్మినార్, సాయంత్రం కేబుల్ బ్రిడ్జి అని ఆ వరసలోనే బయల్దేరినవాళ్లు 25 రూపాయల టికెట్ కోసం దానికి పదింతలు ఆటోకి పోస్తారు. పైగా సగం రోజు సిగ్నళ్ల దగ్గరే గడిచిపోతుంది.

బస దగ్గరా ఇదే పొరపాటు. ఫోన్లో గదులు వెతికేటప్పుడు అందరం ధర చూస్తాం, ఫొటోలు చూస్తాం, అది ఏ మూలన ఉందో చూడం. శివారులో గది నాలుగు వందలు తక్కువకు వచ్చిందే అనుకుందాం. అక్కడి నుంచి రోజూ ఊళ్లోకి రావాలి, రాత్రి అలసిపోయాక తిరిగి వెళ్లాలి. ఒక్క రాత్రి ఆటోతోనే ఆ నాలుగు వందలు తేలిపోతాయి. నాంపల్లి, లక్డీకాపూల్, సికింద్రాబాద్ స్టేషన్ పరిసరాల్లో లాడ్జీలు పాతవైనా, గది కాస్త ఇరుకైనా, కిందికి దిగితే మెట్రో ఉంటుంది. తెల్లవారుజామున దిగేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న అద్దె ఎంత అని కాదు, చెకౌట్ ఇరవై నాలుగు గంటలదా, మధ్యాహ్నం పన్నెండు గంటలదా అని. పొద్దున ఆరుకు చేరి మర్నాడు పన్నెండుకు ఖాళీ చేయమంటే కొన్నిచోట్ల రెండు రోజుల అద్దె పడుతుంది. ఒక్క పగలు చాలనుకునేవాళ్లకు గదే అక్కర్లేదు. స్టేషన్ క్లోక్‌రూమ్‌లో రైలు టికెట్ చూపించి, తాళం వేసిన సామాను అప్పజెప్పి తిరగొచ్చు.

ఇక చుట్టాలిల్లు. డబ్బు తీసుకోరు కాబట్టి అది ఉచితమని మన నమ్మకం. నిజాంపేటలోనో బోడుప్పల్లోనో ఉండే పిన్నిగారింటికి పళ్లు, స్వీట్లు పట్టుకెళ్లడం ఎలాగూ ఉంటుంది, అది ప్రేమ కొద్దీ చేసేది, లెక్కలోకి తీసుకోవద్దు. అక్కడి నుంచి చార్మినార్‌కు వచ్చిపోయే ఖర్చు మాత్రం లెక్కలోకి వస్తుంది. ‘భోంచేసి బయల్దేరండమ్మా’ అని ఆవిడ అన్నాక కదిలేసరికి పదకొండవుతుంది, అదీ లెక్కలోకి వస్తుంది. పిన్నిగారిని చూడాలనుంటే ఆవిడ కోసమే ఒక పూట వెళ్లడం ఇద్దరికీ సుఖం.

దిగే చోటు కూడా ముందే ఆలోచించుకోవాల్సిందే. సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం కారణంగా కొన్ని రైళ్లను చర్లపల్లికి మార్చారు. 2025 జనవరిలో ప్రారంభమైన ఆ టెర్మినల్ చూడటానికి విమానాశ్రయంలా ఉంటుంది, కానీ నగరానికి తూర్పు అంచున ఉంది, మెట్రో అక్కడికి రాదు. టికెట్ కొనేటప్పుడే రైలు ఎక్కడ ఆగుతుందో చూసుకోకపోతే, చీకటితో దిగి ఆటోవాళ్ల మధ్య నిలబడ్డాక బేరమాడే బలం ఉండదు. విజయవాడ వైపు నుంచి బస్సులో వచ్చేవాళ్లకు సుఖమైన దారి ఉంది. ఎల్బీనగర్‌లో దిగితే ఉదయం ఆరు గంటలకు మొదలయ్యే మెట్రో మలక్‌పేట, ఎంజీబీఎస్, నాంపల్లి, అమీర్‌పేట మీదుగా మియాపూర్ దాకా పోతుంది. 2025 మేలో ఛార్జీలు పెంచాక కూడా ఈ చివర నుంచి ఆ చివరకు టికెట్ వంద రూపాయలు దాటలేదు.

అయితే ఈ మెట్రోకు ఒక పెద్ద లోటుంది, దాన్ని దాచిపెట్టి మెట్రో ఎక్కండని చెప్పడం న్యాయం కాదు. దేశం నలుమూలల నుంచీ వచ్చేవాళ్లు మొదట అడిగే చార్మినార్‌కే మెట్రో లేదు. జూబ్లీ బస్టాండ్ నుంచి ఫలక్‌నుమా దాకా వేయాల్సిన లైను 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దగ్గరకొచ్చి ఆగిపోయింది. మిగిలిన అయిదున్నర కిలోమీటర్లను పొడిగించి కట్టడానికి 2024 మార్చిలో శంకుస్థాపన చేశారు. ఐటీ కంపెనీల గుమ్మం ముందు దాకా రైలు వెళ్లినప్పుడు, నగరానికి పేరు తెచ్చిన పాతబస్తీకి ఎందుకు వెళ్లలేదన్నది సందర్శకుల కంటే ముందు అక్కడ బతికేవాళ్లు అడగాల్సిన ప్రశ్న, వాళ్లు అడుగుతూనే ఉన్నారు కూడా. ప్రస్తుతానికి సందర్శకుడి చేతిలో ఉన్నది నడక. ఎంజీబీఎస్‌లో దిగి అఫ్జల్‌గంజ్ వైపు నడిచి మూసీ దాటితే సాలార్‌జంగ్ మ్యూజియం. అక్కడి నుంచి మదీనా, పత్తర్‌గట్టి రాతి దుకాణాల వరస, గుల్జార్‌హౌజ్, ఆ పైన చార్మినార్. దాన్ని ఆనుకునే మక్కా మసీదు, లాడ్ బజార్. ఇంకాస్త లోపలికి వెళ్తే చౌమహల్లా ప్యాలెస్. మొత్తం కలిపి మూడు కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది, ఒక పగలంతా పడుతుంది. ఎటూ చార్మినార్ చుట్టూ వాహనాలను తిరగనివ్వరు కాబట్టి ఆటో చేసుకున్నా చివరి ముక్క నడక తప్పదు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. శుక్రవారం మ్యూజియానికీ చౌమహల్లాకూ సెలవు, మక్కా మసీదులో మధ్యాహ్నం జుమ్మా నమాజు రద్దీ. గురువారం రాత్రి రైలెక్కి శుక్రవారం దిగేవాళ్లు ఆ రోజు ఇటు రావద్దు.

మిగతా నగరాన్నీ ఇలాగే ముక్కలు చేసుకోవాలి. గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు ఒకదానికొకటి దగ్గర. మెహిదీపట్నం నుంచి కోటకు సిటీ బస్సులున్నాయి. ఈ రెండింటికీ ఒక పూట. అసెంబ్లీ, లక్డీకాపూల్ స్టేషన్ల చుట్టుపక్కల పబ్లిక్ గార్డెన్స్, బిర్లా మందిర్ గుట్ట, అక్కడి నుంచి ట్యాంక్‌బండ్ ఇంకో పూట. ఫిల్మ్ సిటీ ప్రవేశ రుసుమే తలకు వెయ్యి దాటుతుంది, రోజంతా కావాలి. దాన్ని నగర యాత్రలో ఒక మజిలీగా ఇరికించడం వల్లే చాలామంది బడ్జెట్లు తలకిందులవుతున్నాయి. పిల్లలు పట్టుబడితే అది వేరే యాత్ర, వేరే ఖాతా.

ఇలా మెట్రో, నడకలతో తిరగమనడానికి గట్టి అభ్యంతరం కుటుంబాల నుంచే వస్తుంది. ఒంటరిగా తిరిగే కుర్రాడికి మెట్రో చవక కావచ్చు, నలుగురం ఎక్కితే నాలుగు టికెట్లు, అదే ఆటో అయితే ఒకటే కిరాయి కదా అంటారు. నిజమే. మెట్రో టికెట్ తలకు నలభై అనుకుంటే నలుగురికి నూట అరవై. అయిదారు కిలోమీటర్ల లోపు దూరానికి ఆటోనే గెలుస్తుంది, అక్కడ ఆటో ఎక్కడం దుబారా కాదు. దూరం పదిహేను, ఇరవై కిలోమీటర్లయినప్పుడు లెక్క తిరగబడుతుంది. అందుకే ఏ వాహనం చవక అన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. పొడుగు దూరానికి రైలు, చివరి రెండు కిలోమీటర్లకు ఆటో. అమ్మమ్మ తోడుగా ఉంటే, మోకాళ్ల నొప్పులుంటే గోల్కొండ రోజున ఆటో మాట్లాడుకోవాల్సిందే. కోట పైనున్న బాలాహిస్సార్ దాకా మూడు వందలకు పైగా మెట్లున్నాయి. ఉన్న ఓపికను మెహిదీపట్నం బస్టాప్‌లో ఖర్చు పెట్టుకోకూడదు. పాతబస్తీలో ఆటో డబ్బు మిగిల్చుకునేది ఇలాంటి చోట వాడుకోవడానికే.

బస్సు మాటకొస్తే ఆంధ్ర నుంచి వచ్చే ఆడవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదన్నది అందరికీ తెలిసిందే. అది తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించినవాళ్లకే. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకమూ ఆ రాష్ట్రం వాళ్లకే. పక్క సీట్లో ఆవిడకు జీరో టికెట్ ఇచ్చి మనల్ని డబ్బులడిగితే కండక్టర్‌తో గొడవ పడి లాభం లేదు. రెండు ప్రభుత్వాలూ ఎవరి ఓటర్లను వాళ్లు చూసుకున్నాయి. రోజంతా బస్సుల్లోనే తిరిగేవాళ్లు ఆర్టీసీ ఇచ్చే ఇరవై నాలుగు గంటల టికెట్ గురించి ఎక్కిన మొదటి బస్సులోనే అడగాలి, నాలుగో బస్సులో అడిగితే ఉపయోగం లేదు. కొత్తవాళ్లకు బస్సులు అర్థం కావన్న ఫిర్యాదును మాత్రం కాదనలేం. చాలా స్టాపుల్లో ఏ నంబరు బస్సు ఎటు పోతుందో చెప్పే బోర్డు ఉండదు, అక్కడ నిలబడ్డవాళ్లను అడగాల్సిందే. పర్యాటకం మీద ప్రకటనలిచ్చే ప్రభుత్వం చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ దగ్గరైనా తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్ భాషల్లో నాలుగు బోర్డులు పెట్టడానికి కోట్లేమీ అక్కర్లేదు.

చివరి అభ్యంతరం ఇంకో వైపు నుంచి వస్తుంది. ఎప్పుడో ఒకసారి వస్తాం, ఇలా ముక్కలు చేసుకుంటూ పోతే సగం చూడకుండానే వెళ్లిపోతాం కదా, డబ్బు మిగిలి ఏం లాభం అని. రెండు రోజుల్లో హైదరాబాద్ మొత్తం చూడటం కారు ఉన్నవాళ్లకూ సాధ్యం కాదు. వాళ్లు చూసేది గేట్లను, గేట్ల ముందు తీసుకున్న ఫొటోలను. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక గడియారం ఉంది. గంట గంటకూ అందులోంచి గడ్డపు బొమ్మ ఒకటి బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. పన్నెండు గంటలప్పుడైతే పన్నెండుసార్లు కొడుతుంది. అది చూడటానికి జనం ముందే వచ్చి కూర్చుంటారు, చంటిపిల్లల్ని భుజాల మీదికి ఎత్తుకుంటారు. బయట ఆటోకి వెయిటింగ్ ఛార్జీ పెరుగుతుంటే, తర్వాత ఇంకో మూడు చోట్లు మిగిలి ఉంటే పదకొండున్నరకు వచ్చినవాళ్లు అక్కడ అరగంట కూర్చోలేరు. ఎంజీబీఎస్ నుంచి నడిచొచ్చినవాళ్లకు ఆ తొందర లేదు. తర్వాత వెళ్లాల్సిన చార్మినార్‌కు మళ్లీ నడకే.