కొత్త నాజిల్స్ వేశాక పొద్దున స్టార్ట్ కావట్లేదా?

ప్రశ్న: మాది శ్రీనగర్ కాలనీ. డీజిల్ క్యాబ్ నడుపుతాను. పోయిన వారం ఇంజెక్టర్లకు కొత్త నాజిల్స్ వేయించాను. అప్పట్నుంచి పొద్దున చాలాసేపు సెల్ఫ్ కొడితేగానీ బండి స్టార్ట్ కావట్లేదు. తర్వాత రోజంతా ఓకే. ఒక ఎయిర్‌పోర్ట్ ట్రిప్ కూడా పోయింది. నాజిల్స్ మళ్లీ మార్చాలంటున్నారు. మార్చాలా?

జవాబు: అప్పుడే వద్దు. రాత్రంతా ఆగాకే ఇబ్బంది అంటే మొదటి అనుమానం నాజిల్ మీద కాదు, గాలి మీద. పనిలో విప్పిన పైపో, ఓ-రింగో, ఫిల్టర్ జాయింటో సరిగా కూర్చోకపోతే రాత్రికి డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది. లైన్లో గాలి చేరుతుంది.

రేపు పొద్దున సెల్ఫ్ కొట్టకముందే, ఫిల్టర్ దగ్గర హ్యాండ్ పంప్ ఉంటే అది గట్టిపడేదాకా నొక్కండి. వెంటనే స్టార్టయిందా? దొంగ దొరికినట్టే. విప్పిన జాయింట్లన్నీ చూపించండి.

తేడా లేదా? గ్లో ప్లగ్‌లు చెక్ చేయించండి. తర్వాత లీక్-ఆఫ్ టెస్ట్. ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్ డీజిల్‌ని విడివిడిగా సీసాల్లో పట్టి పోలుస్తారు. ఒకటి మరీ ఎక్కువ వదులుతుంటే రైల్లో ప్రెషర్ నిలవదు. చాలా కామన్ రైల్ ఇంజిన్లు స్టార్ట్ కావాలంటే సుమారు 200 బార్ కావాలి. అప్పుడు ఆ ఒక్క ఇంజెక్టర్ సంగతి చూస్తే చాలు, సెట్టు మొత్తం మార్చక్కర్లేదు.

రెండు జాగ్రత్తలు: సెల్ఫ్ ఒకేసారి 10 సెకన్లు మించి కొట్టొద్దు, మధ్యలో కాస్త ఆగండి. ఇంజిన్ నడుస్తుండగా హై ప్రెషర్ పైపు ఎవర్నీ వదులు చేయనివ్వొద్దు. ఆ డీజిల్ ధార చర్మంలోకి దూసుకుపోతుంది.